నొప్పి తగ్గింది కదా అని బోను తలుపు తీయకండి

ప్రశ్న: మా బ్రూనో డాష్‌హండ్, ఐదేళ్లు. ఈ మధ్య ఒకరోజు సోఫా మీద నుంచి దూకి గట్టిగా అరిచాడు. ఆ తర్వాత వీపు గూనిలా పెట్టి వణుకుతూ ఉన్నాడు, ఎత్తుకోబోతే ఏడ్చేవాడు. డాక్టర్ ఎక్స్‌రే తీసి ఎముకలు బాగానే ఉన్నాయి, డిస్క్ సమస్యలా ఉంది అన్నారు. నొప్పికి మందులు రాసి, నెల రోజులు బోనులో ఉంచమన్నారు. మూడో రోజుకే మామూలుగా అయిపోయాడు. బోనులో పెడితే ఒకటే ఏడుపు, చూడలేక వదిలేశాం, ఇల్లంతా పరిగెత్తాడు. నిన్న సాయంత్రం నుంచి వెనక కాళ్లు తూలుతున్నాయి. నడుస్తున్నాడు కానీ నడక బాగాలేదు. నొప్పి ఉన్నట్టు మాత్రం లేదు. మా ఆయన రెండు రోజులు చూద్దాం అంటున్నారు. మా అన్నయ్య వాళ్ల కుక్క ఇలాగే పడిపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో లేచి నడిచిందట, అది వేయించమంటున్నాడు. మేం వాడే నొప్పి మాత్ర సగం ఇవ్వొచ్చా? కాళ్లకు మర్దన చేస్తే బలం వస్తుందా? ఆపరేషన్ అంటే భయంగా ఉంది. తప్పంతా మాదేనేమో అని నిద్ర పట్టడం లేదు.

సమాధానం: మీరడిగిన వాటిలో ఒకటి ఆగేది కాదు, అందుకని దాని సంగతి ముందు. రెండు రోజులు చూద్దాం అన్న మాట వద్దు, ఇవాళే తీసుకెళ్లండి. మొన్న వాడికి ఉన్నది నొప్పి ఒక్కటే. ఇప్పుడు కాళ్లు తూలుతున్నాయంటే వ్యవహారం డిస్క్ దగ్గర ఆగకుండా వెన్నుపాము దాకా వచ్చింది. కొన్ని కుక్కలు ఇక్కడే ఆగిపోతాయి, కొన్ని పొద్దున తూలి రాత్రికి కాళ్లు ఈడ్చుకుంటాయి, మీ వాడు ఏ రకమో ఇంట్లో కూర్చుని చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. మీ ఆయనకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి చాలు.

బయల్దేరే ముందు ఎలా ఎత్తుకోవాలో చెప్తాను, ఎందుకంటే చంకల కింద చేతులు పెట్టి చంటిపిల్లాడిని లేపినట్టు లేపేవాళ్లే ఎక్కువ, అప్పుడు నడుము కిందికి వేలాడి బరువంతా దెబ్బతిన్న చోటే పడుతుంది. ఒక చేయి ఛాతీ కింద, రెండో చేయి పిరుదుల కింద పెట్టి, వీపు నేలకు సమాంతరంగా ఉండేలా ఒక్కసారిగా లేపండి. దారిలో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పెట్టెలోనో బోనులోనో కదలకుండా ఉండాలి. బాగా నొప్పిగా ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది, అది కోపం కాదు, ముఖం దగ్గర మాత్రం జాగ్రత్త.

ఇప్పుడు తప్పు సంగతి. సోఫా మీద నుంచి దూకడం వల్లే ఇదంతా అయిందని మీరు అనుకుంటున్నారు, అది పూర్తిగా నిజం కాదు. వెన్నుపూసల మధ్య ఉండే ప్రతి డిస్క్‌లో రెండు భాగాలుంటాయి, బయట గట్టి నారల వలయం, లోపల మెత్తటి గుజ్జు. పూసల మీద పడే ఒత్తిడిని ఆ గుజ్జే పంచుకుంటుంది. డాష్‌హండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పెకినీస్, షిట్జు, బీగిల్, కాకర్ స్పానియల్, కోర్గీ లాంటి జాతుల్లో ఆ గుజ్జు చాలా చిన్న వయసులోనే, తరచుగా మొదటి ఏడాది నిండకముందే, నీరు కోల్పోయి ఎండి సున్నం పట్టడం మొదలవుతుంది. దీని వెనక ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు నకలు ఒకటి 12వ క్రోమోజోమ్ మీద ఉండటమే కారణమని 2017లో తేలింది. పొట్టి కాళ్లు వచ్చేదీ ఇలాంటి నకళ్ల వల్లే. అంటే మనం ముద్దుగా ఉన్నాయని మురిసిపోయే ఆ పొట్టి కాళ్లతో పాటే ఈ జబ్బూ వస్తోంది. డాష్‌హండ్‌లలో దాదాపు ఐదింట ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిస్క్ ఇబ్బంది పెడుతుంది, అది కూడా ఎక్కువగా మూడు నుంచి ఏడేళ్ల మధ్యే. మీ వాడికి ఐదు. ఆ డిస్క్ ఎన్నాళ్ల నుంచో పాడై ఉంది, సోఫా కాకపోతే ఇంకో రోజు మెట్టు దిగుతూనో, ఒళ్లు దులుపుకుంటూనో జరిగేది. చాలా కుక్కల్లో ఏ దూకుడూ లేకుండా నిద్ర లేచేసరికే జరిగిపోయి ఉంటుంది. కాబట్టి మొదటిసారి అయినదానికి మీ తప్పు లేదు. ఆ తర్వాత బోను తలుపు తీయడం మాత్రం, నిజం చెప్పాలంటే, చేయకుండా ఉండాల్సింది. అది తిట్టడానికి అనడం లేదు, ముందున్న వారాల్లో మళ్లీ అదే చేయాలనిపిస్తుంది కాబట్టి అంటున్నాను.

డిస్క్ బయటి వలయం చిరిగితే లోపలి ఎండిన గుజ్జు పైకి చిమ్ముతుంది, సరిగ్గా దాని పైనే వెన్నుపాము ఉంది. ఎముక గొట్టంలో దానికి జరగడానికి చోటు లేదు. రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి, చిమ్మిన వేగానికి కమిలిపోవడం ఒకటి, అక్కడే మిగిలిన ముద్ద నొక్కుతూ ఉండటం రెండోది. మొదటిది కాలంతోనే మానాలి, రెండోదాన్ని ఆపరేషన్‌తో తీయొచ్చు. ఇదంతా ఎక్కువగా చివరి పక్కటెముకల దగ్గర నుంచి నడుము మొదటి పూసల దాకానే జరుగుతుంది. ఎందుకంటే ఛాతీ పై భాగంలో ఎడమ కుడి పక్కటెముకల తలలను కలుపుతూ డిస్క్ పైనుంచి ఒక స్నాయువు పోతుంది, అది అడ్డుగోడగా పనిచేస్తుంది, నడుములో ఆ కాపలా లేదు. మెడలో కూడా వస్తుంది, అప్పుడు తల కిందికి దించుకుని, మెడ తిప్పకుండా కళ్లు మాత్రమే తిప్పి చూస్తూ, ఒక్కోసారి ముందు కాలు ఒకటి పైకెత్తి పట్టుకుంటుంది. మెడ డిస్క్ నొప్పి చాలా తీవ్రంగా ఉంటుంది.

మీ లాంటి ఇళ్లలో ఎక్కువమంది పొరబడేది నొప్పి దగ్గరే. మందుకు నొప్పి తగ్గుతుంది, కుక్క ఉషారుగా తోక ఊపుతుంది, హమ్మయ్య నయమైంది అనుకుంటారు. చిరిగిన వలయం మూడు రోజుల్లో మానదు. దానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా లోపల ఇంకా మిగిలిన గుజ్జు అదే చిరుగులోంచి మళ్లీ బయటికి రావచ్చు. నొప్పి ఉన్నప్పుడు కుక్క తనంతట తనే కదలకుండా పడుకుంటుంది, మందు వేసి మనం ఆ భయం తీసేస్తాం, దాని బదులు బోను పెట్టకపోతే పరిగెత్తకేం చేస్తుంది? అందుకే ఈ జబ్బులో కుక్క బాగుందా లేదా అన్నది నొప్పిని బట్టి, ఉషారును బట్టి, తిండిని బట్టి చూడకండి. నడకను బట్టి చూడండి. నొప్పి లేకపోయినా నడక చెడితే పరిస్థితి చెడినట్టే, ఇప్పుడు బ్రూనోకు జరిగింది సరిగ్గా అదే.

నడకను ఎలా చూడాలో కాస్త వివరంగా చెప్తాను, ఇది డాక్టర్ దగ్గర కూడా పనికొస్తుంది. జారని చోట, చాప మీదో రబ్బరు మ్యాట్ మీదో, వాడిని నిలబెట్టండి. పొట్ట కింద చేత్తో ఆసరా ఇచ్చి, వెనక పాదం ఒకదాన్ని మెల్లగా మడిచి, పాదం పైభాగం నేలకు ఆనేలా పెట్టి వదలండి. బాగున్న కుక్క రెప్పపాటులో పాదాన్ని సరిచేసుకుంటుంది, మీరు పెట్టడానికే ఒప్పుకోదు. వెన్నుపాము నలిగిన కుక్క ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా తిప్పుకుంటుంది, ఇంకా నలిగితే ఆ మడిచిన పాదం మీదే అలా నిలబడిపోతుంది, తన కాలు ఎక్కడుందో దానికి తెలియడం లేదన్నమాట. రెండు కాళ్లూ చూడండి, ఒక పక్క ఎక్కువ చెడి ఉండటం మామూలే. తర్వాత వెనక పాదాల్లో నడిమి వేళ్ల గోళ్లు చూడండి, పైవైపు అరిగి గరుకుగా ఉంటే కాలు ఎత్తకుండా ఈడుస్తున్నాడని గుర్తు. గచ్చు మీద నడిచేటప్పుడు చెవి పెట్టి వింటే ఆ ఈడ్పు చప్పుడు కూడా తెలుస్తుంది. ఇదంతా ఒక్కసారి చూస్తే చాలు, పదిమందికి చూపించడానికి పదిసార్లు నడిపించకండి, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

డాక్టర్లు దీన్ని స్థూలంగా ఐదు దశలుగా చూస్తారు. నొప్పి మాత్రమే ఉండటం మొదటిది. తూలుతూ అయినా సొంతంగా నడవడం రెండోది, బ్రూనో ఇప్పుడు ఇక్కడున్నాడు. కాళ్లు ఆడిస్తుంది గానీ లేచి నడవలేకపోతే మూడోది. కాళ్లు అసలే ఆడకపోయినా వేళ్లను గట్టిగా నొక్కితే నొప్పి తెలియడం నాలుగోది. ఆ నొప్పి కూడా తెలియకపోతే ఐదోది. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఈ మెట్ల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది, కుక్క ఎన్ని రోజుల నుంచి బాధపడుతోంది, ఎంత వేగంగా దిగజారుతోంది అన్నది కూడా చూస్తారు. మొదటి రెండు మెట్ల మీద ఉన్న కుక్కల్లో ఎక్కువ భాగం, 100కి 80 దాకా, మందులూ కదలనివ్వకపోవడంతోనే కోలుకుంటాయి. కానీ వాటిలో మూడింట ఒక వంతుకో అంతకంటే ఎక్కువకో తర్వాత ఎప్పుడైనా మళ్లీ తిరగబెడుతుంది. మూడో మెట్టు దాటాక ఆపరేషన్ వైపే మొగ్గు ఎక్కువ, ఎందుకంటే కాళ్లు పడిపోయినా నొప్పి తెలిసే కుక్కల్లో ఆపరేషన్‌తో 100కి 90కి పైగా మళ్లీ నడుస్తాయి, చాలావరకు కొద్ది వారాల్లోనే. అదే దశలో మందులతో సరిపెడితే ఆ సంఖ్య సగం పైన ఎక్కడో ఆగుతుంది. నొప్పి కూడా తెలియని దశలో ఆపరేషన్ చేస్తే 100కి 50 నుంచి 60, చేయకపోతే పదింట ఒకటో ఏదో.

ఆ అంకెలు భయపెట్టడానికి ఇవ్వలేదు. నాలుగో మెట్టుకూ ఐదో మెట్టుకూ మధ్య ఎంత తేడా ఉందో మీరే చూశారు, ఇంట్లో చూస్తే మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాళ్లు పడిపోయిన కుక్క. ఆ తేడా చెప్పగలిగేది పరీక్ష చేసే డాక్టర్ మాత్రమే. వేలు నొక్కగానే కాలు వెనక్కి లాక్కుంది, అంటే నొప్పి తెలుస్తోంది అని సంబరపడేవాళ్లను చూస్తుంటాం. కాలు లాక్కోవడం వెన్నుపాము కింది భాగం తనంతట తాను చేసే పని, మెదడుకు కబురు అందకపోయినా జరుగుతుంది. కుక్క తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి, అప్పుడే నొప్పి పైదాకా చేరినట్టు. ఈ పరీక్ష మీరు చేయొద్దు, ఊరికే బాధపెట్టడం అవుతుంది. మీకు కావాల్సింది ఒక్కటే, లేచి నడవలేకపోయిన క్షణం నుంచి గంటలు లెక్క, రోజులు కాదు. అర్ధరాత్రి అయినా సరే ఫోన్ చేయండి.

ఎక్స్‌రే బాగానే ఉందన్నారు కదా, మరి డిస్క్ ఎలా అని మీకు సందేహం ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, సున్నం పట్టిన డిస్క్ కనిపించొచ్చు, పూసల మధ్య చోటు తగ్గడం కనిపించొచ్చు, వెన్నుపాము మాత్రం కనిపించదు. ఎముక విరగలేదు, ఇన్ఫెక్షన్ లేదు, గడ్డ లేదు అని తేల్చుకోవడానికి అది పనికొస్తుంది, మీ డాక్టర్ చెప్పిందీ అదే. ఎక్కడ, ఏ పక్క, ఎంత నొక్కుతోందో తెలియాలంటే ఎంఆర్‌ఐ కావాలి, సున్నం పట్టిన ముద్దలకు సీటీ స్కాన్ కూడా బాగానే చూపిస్తుంది. ఆపరేషన్ ఆలోచన లేకుండా ఊరికే తెలుసుకోవడానికి మాత్రం మత్తిచ్చి స్కాన్ తీయించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

ఆపరేషన్ అంటే ఏం చేస్తారో తెలిస్తే భయం కాస్త తగ్గుతుంది. నడుము దగ్గరైతే పూస పక్క గోడలో చిన్న కిటికీ తెరిచి, ఆ ముద్దను జాగ్రత్తగా తీసేస్తారు, మెడలో అయితే గొంతు వైపు నుంచి వెళ్తారు. చాలామంది సర్జన్లు చుట్టుపక్కల అనుమానంగా ఉన్న డిస్కుల గుజ్జు కూడా అప్పుడే తీసేస్తారు, తర్వాత అవి తిరగబెట్టే అవకాశం తగ్గుతుందని. అలవాటున్న చేతుల్లో ఇది నమ్మకమైన ఆపరేషన్. ఆపరేషన్ అయినా బోను తప్పదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. దగ్గర్లో చేసేవాళ్లు లేకపోతే, స్తోమత లేకపోతే, ఆ సంగతి డాక్టర్‌కు మొహమాటం లేకుండా చెప్పండి. నొప్పి తెలుస్తున్నంత కాలం ఆపరేషన్ లేకుండా కూడా కోలుకునే కుక్కలున్నాయి, దానికి తగ్గట్టు వేరే దారి వేస్తారు.

ఇక మీ అన్నయ్య చెప్పిన స్టెరాయిడ్. ఆయన కుక్క ఇంజెక్షన్ తర్వాత లేచింది, నిజమే కావచ్చు, ఇంజెక్షన్ లేకపోయినా లేచేదేమో ఎవరు చెప్పగలరు? ఒకప్పుడు పెద్ద మోతాదు స్టెరాయిడ్ అందరూ వేసేవారు. కాళ్లు పడిపోయి నొప్పి కూడా తెలియని కుక్కల మీద మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ను ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన పరిశోధన 2016లో వచ్చింది, మందు వల్ల ప్రయోజనం కనిపించలేదు. ఇప్పుడు నరాల నిపుణులు ఈ జబ్బు మొదట్లో స్టెరాయిడ్‌ను మామూలుగా వాడమని చెప్పడం లేదు. కొన్ని సందర్భాల్లో, ముఖ్యంగా పాతబడిన కేసుల్లో, డాక్టర్ ఆలోచించి చిన్న మోతాదు ఇవ్వొచ్చు, అది వేరు. మీ విషయంలో అసలు ప్రమాదం ఇంకోటుంది. మీ వాడికి రాసిన నొప్పి మందు మెలాక్సికామ్ లాంటిదో కార్‌ప్రొఫెన్ లాంటిదో అయితే, దాని మీద స్టెరాయిడ్ పడితే పొట్టలో పుండ్లు పడి, రక్తం కారి, ఒక్కోసారి పేగుకు చిల్లు పడి కుక్క చచ్చిపోతుంది. వెన్నెముక జబ్బుతో ప్రాణం పోని కుక్క మందుల గొడవతో పోవడం కంటే అన్యాయం ఉందా? ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే మధ్యలో కొన్ని రోజులు ఖాళీ ఇస్తారు, అది డాక్టరే లెక్క చూడాలి.

మీ నొప్పి మాత్ర సగం కూడా వద్దు, పావు కూడా వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క పొట్టకూ మూత్రపిండాలకూ విషంతో సమానం, పారాసిటమాల్ మోతాదు తప్పితే కాలేయం దెబ్బతింటుంది. పైగా వాడు ఇప్పటికే ఒక నొప్పి మందు మీద ఉన్నాడు. ఆ మందు చాలడం లేదనిపిస్తే డాక్టర్ దానికి గాబాపెంటిన్ లాంటిది జోడిస్తారు, కండరాలు బిగిస్తే మెథోకార్బమాల్ ఇస్తారు. ఇప్పటికే ఏదైనా మాత్ర ఇచ్చేసి ఉంటే దాచకుండా చెప్పేయండి, ఎవరూ ఏమీ అనరు, చెప్పకపోతేనే ఇబ్బంది.

మర్దన ఇప్పుడు వద్దు. కాళ్లలో బలం లేక కాదు వాడు తూలేది, కాళ్లకు కబురు అందక. వీపు మీద నొక్కడం, నడుము విరవడం, ఎవరో తెలిసినవాళ్లు నరం సరిచేస్తారంటే వాళ్ల చేతికి ఇవ్వడం, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. డాక్టర్ సరే అన్నాక, పడుకుని ఉన్నప్పుడు కాళ్ల కీళ్లను మెల్లగా ముడిచి చాపే వ్యాయామం నేర్పిస్తారు, ఇంకా తర్వాత నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్ ఉన్నచోట బాగా పనికొస్తుంది.

బోను గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మందులన్నిటికంటే అదే పెద్ద మందు, మీరు ఓడిపోయింది కూడా అక్కడే. కనీసం నాలుగు వారాలు, 2022లో నిపుణులు కలిసి ఇచ్చిన సూచన కూడా అదే. నాలుగు వారాలంటే నొప్పి తగ్గేదాకా అని కాదు, క్యాలెండర్ మీద నాలుగు వారాలు, మధ్యలో నడక చెడితే డాక్టర్ మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టమనవచ్చు. బోను ఎంత ఉండాలంటే వాడు లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి, అంతే, రెండడుగులు పరిగెత్తి ఎగరడానికి చోటు ఉండకూడదు. గదిలో పెట్టి తలుపేయడం బోను కిందికి రాదు, గదిలో మంచం ఉంటుంది, కిటికీ ఉంటుంది, బయట బెల్లు మోగితే తలుపు దాకా పరుగు ఉంటుంది. కింద జారని పరుపు వేయండి. తిండి, నీళ్లు అక్కడే, గిన్నె కాస్త ఎత్తులో ఉంటే మెడకు హాయి. బయటికి తీసేది ఒంటికీ రెంటికీ మాత్రమే, అదీ ఎత్తుకుని తీసుకెళ్లి, మెడ పట్టీ కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌తో, పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుని, కొద్ది నిమిషాల్లో పని కానిచ్చి తిరిగి లోపలికి.

ఏడుపు సంగతా? మొదటి మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు, ఇరుగుపొరుగు అడుగుతారు, ఇంట్లో ఎవరో ఒకరికి మనసు కరుగుతుంది. బోనును మూల గదిలో పెట్టకండి, మీరందరూ కూర్చునే చోటే పెట్టండి, సగం ఏడుపు అక్కడే ఆగుతుంది. ఏడ్చినప్పుడు తలుపు తీస్తే ఏడిస్తే తీస్తారని వాడికి పాఠం చెప్పినట్టే, ఊరుకున్న క్షణం చూసి దగ్గర కూర్చుని మాట్లాడండి. నమలడానికి, నాకడానికి ఏదైనా ఇవ్వండి, తిండిని బొమ్మలో దాచి పడుకునే వెతుక్కునేలా చేయండి. అయినా బోను గోడల మీద గోళ్లతో గీరుతూ ఎగురుతుంటే డాక్టర్‌కు చెప్పండి, ట్రాజొడోన్ లాంటి కుదురు తెచ్చే మందు ఇస్తారు, అందులో తప్పేమీ లేదు. ఏడుస్తూ బోనులో ఉన్న కుక్కను చూసి జాలిపడటం సహజమే, కానీ ఆ జాలే తలుపు తీయిస్తుంది, ఇంట్లో ఎవరు మెత్తనివాళ్లో గుర్తించి తాళం రెండోవాళ్ల దగ్గర పెట్టండి. పిల్లలుంటే ముందే కూర్చోబెట్టి చెప్పండి, ఇంకో కుక్క ఉంటే దాన్ని దూరంగా ఆడించండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఈ జబ్బులో చాలా తేలిక. వారాలు పూర్తయ్యాక కూడా ఒక్కసారిగా వదలొద్దు, పట్టీ మీద అయిదు నిమిషాల నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పోవాలి.

మూత్రం విషయం చాలామంది గమనించరు. వెన్నుపాము నలిగితే మూత్రసంచి కూడా మొద్దుబారవచ్చు, అది నిండిపోయి ఇక పట్టలేక, ఎత్తినప్పుడల్లా, కదిలినప్పుడల్లా కొంచెం కొంచెం కారుతుంది, ట్యాంకు నిండి పొర్లినట్టు. ఇంట్లోవాళ్లు మాత్రం మూత్రం పోస్తున్నాడు కదా, బాగానే ఉన్నాడు అనుకుంటారు. నిజంగా పోయడం అంటే తనే ఆగి, కాలెత్తో వంగో, ధారగా పోసి ఆపడం. పరుపు తడుస్తూ, పొట్ట కింద గట్టిగా గుండ్రంగా తగులుతుంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. అలాంటి కుక్కకు రోజుకు మూడు నాలుగు సార్లు చేత్తో నొక్కి మూత్రం తీయాలి, ఎలా పట్టుకోవాలో, ఎంత నొక్కాలో వాళ్ల ముందే మీ చేత్తో చేసి నేర్చుకోండి, వీడియోలు చూసి మొదటిసారి ఇంట్లో ప్రయత్నించకండి. సంచి ఖాళీ కాకుండా వదిలేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, సంచి సాగిపోయి తర్వాత పనిచేయదు.

కాళ్లు పూర్తిగా పడిపోతే ఏమిటి అని అడగడానికి మీరు భయపడ్డారు, ఉత్తరంలో ఆ వాక్యం లేదు కానీ ఉన్నట్టే ఉంది. బ్రూనో ఇప్పటికి నడుస్తున్నాడు, అక్కడిదాకా వెళ్లకపోవడానికే అవకాశాలు ఎక్కువ. వెళ్లినా, రెండు చక్రాల బండి కట్టుకుని సంతోషంగా తిరిగే కుక్కలు బోలెడు ఉన్నాయి, వాటికి సిగ్గు లేదు, బాధ అంతా మనదే. మూత్రం తీయడం, చర్మం పుళ్లు పడకుండా చూడటం మీరు చేయగలిగితే వాటి బతుకు బాగానే సాగుతుంది. ఒక్క పరిస్థితి మాత్రం వేరు. నొప్పి తెలియని దశకు వెళ్లిన కుక్కల్లో 100కి 10 నుంచి 15 దాకా వెన్నుపాము కుళ్లడం మొదలై పైకి పాకుతుంది, మొదటి కొద్ది రోజుల్లోనే. కాళ్లు మరీ వేలాడిపోతాయి, మలద్వారం బిగువు పోతుంది, ముందు కాళ్లు బలహీనపడతాయి, చివరికి ఊపిరి కష్టమవుతుంది. దానికి మందు లేదు, అప్పుడు బాధ లేకుండా పంపించడమే మంచిదని డాక్టర్ చెప్తే నమ్మండి.

ఇది చదివే పెద్ద కుక్కల వాళ్లకు ఒక మాట. 1950లలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఈ జబ్బును రెండు రకాలుగా విడదీశాడు. పైన చెప్పిందంతా మొదటి రకం. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కల్లో వయసు మళ్లాక వలయమే మెల్లగా ఉబ్బి నొక్కేది రెండోది, నెలల తరబడి నడక చెడుతుంది. అన్ని తూలుళ్లూ డిస్క్ వల్లే కావు కూడా. నొప్పే లేకుండా మెల్లగా వెనక కాళ్లు పోతే వెన్నుపాము క్షీణించే జబ్బు కావచ్చు, ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా పడిపోయి, ఒక రోజు తర్వాత నొప్పి లేకుండా, ఇంకా చెడకుండా ఉంటే వెన్నుపాముకు రక్తం అందకపోవడం కావచ్చు, జ్వరంతో పాటు వెన్ను నొప్పి ఉంటే డిస్క్‌లో ఇన్ఫెక్షన్ కావచ్చు.

కోలుకున్నాక చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. బరువు పెరగనివ్వకండి, పక్కటెముకలు చేతికి తగలాలి. సోఫాకు వాలు బల్ల పెట్టండి, జారే గచ్చు మీద చాపలు వేయండి. దూకడం మానిపిస్తే ఇక రాదని గట్టి రుజువు లేదు, పాడైన వీపు ఉన్నవాడి విషయంలో నేనైతే మాన్పిస్తాను, కానీ నడకలు మానిపించి కండరం కరిగిపోనివ్వకండి. వాడితో పిల్లలు పుట్టించే ఆలోచన ఉంటే మానుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నడక వీడియో, ఇచ్చిన మందుల స్ట్రిప్పులు అన్నీ తీసుకెళ్లండి, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో, చివరిసారి ధారగా మూత్రం ఎప్పుడు పోశాడో, తూలడం సరిగ్గా ఎప్పుడు మొదలైందో ఒక కాగితం మీద రాసుకోండి. స్కాన్ అవసరమైతే మత్తు ఇస్తారు, అందుకని బయల్దేరే ముందు తిండి పెట్టొచ్చా లేదా అన్నది ఫోన్ చేసినప్పుడే అడగండి.